అప్పుడెట్లుండెనో అట్లే

ఆ పొద్దున ఆకాశం విరిగిన పాల మాదిరి ఉండె. పుత్తూరులో బస్సెక్కేటప్పుడు తూర్పున ఎండ రావాల్సిన చోట ఎండ లేదు, మబ్బన్నా ఒకటిగా లేదు, పెళ్లలు పెళ్లలుగా తేలతా ఉండె, ఆ సందుల్లో నుంచి పసుపు కలిపిన నీళ్ల మాదిరి వెలుతురు కారతా ఉండె. ఆకు కదల్లేదు. ముందు సీట్లో ఒకాయన ఫోన్లో వార్తలు పెట్టుకోనుండె, సముద్రంలో వాయుగుండం అంట, మధ్యాన్నం నుంచి వానలంట. తిరుపతి దగ్గరపడేకొద్దీ కొండ కోసం చూసినాను. కొండ లేదు. కొండ ఉండాల్సిన చోట తడిసిన గోడ మాదిరి బూడిదరంగు నిలబడి ఉండె. దయానంద్ పోయిన పొద్దు కూడా కొండ ఇట్లే కనపడలేదు. తలుచుకోకూడదనుకుంటానే తలుచుకొన్నాను. వద్దనుకొన్నదే వస్తాది, పంటి సందులో ఇరుక్కొన్న వక్క ముక్క దగ్గరికే నాలుక పోయినట్టు.

ఇప్పుడు అన్న ఇంటి వరండాలో కూర్చోనుండాను. తలకు పైన మెయిను బోర్డు, పక్కన కిటికీ, కిటికీ కమ్మీల అవతల మా అన్న గంగాధరం, ఆయన ముందర టేబుల్ మీద ఆ కంప్యూటరు. వంటింట్లో వదిన వరదమ్మ. ముగ్గురం రాహుకాలం పోయేదానికి కాచుకోనుండాము. బుధవారం గదా, పన్నెండు నుంచి ఒకటిన్నర. పన్నెండు దాటినాక అన్న, మిషను పలకతాదో లేదో చూసేదానికేమో, గోడ మీది స్విచ్చికి చెయ్యి చాపినాడు, వదిన వంటింట్లో నుంచి చూడకుండానే కనుక్కొనింది. "ఇంత కాలం ఆగినారు, ఇంకొంచేపు ఆగితే ఏం కొంప మునగదు. రాహుకాలంలో నా ఇంట్లో ఏదీ మొదలుపెట్టేది లేదు." అన్న చెయ్యి దించేసినాడు. ఏ దేవుని మాటా వినని మనిషి ఆ మాట విన్నాడు. నాకు కాస్త ఊపిరాడింది, మళ్లీ ఆగిపోయింది. ఎందుకంటే అప్పటిదాకా ఆకాశం ఊరికే ఉన్నింది. ఆ మాట తర్వాతనే చంద్రగిరి పక్క నుంచి మొదటి ఉరుము, దూరంగా, ఎవురో మిద్దె మీద రోలు దొర్లించినట్టు. వాన రాకముందే ఆ స్విచ్చి వేసుంటే నేల పొడిగా ఉండేది. ఇప్పుడు వాన వచ్చేదాకా ఆగమని మేమే చెప్పినట్టయింది. వదినకు ఆ సంగతి తట్టిందో లేదో. తట్టే ఉంటాది. నిన్న ఫోన్ చేసి పిలిపించిందే ఆమె. "మునిచంద్రా, మిషను తయారయింది నాయనా, ఒకసారి వచ్చిపో" అనింది. ఆ గొంతులో సంతోషం లేదు, భయమూ లేదు. అదే నాకు బాగనిపించలేదు.

అన్న దానికోసం ఎండాకాలం నుంచి తిరిగినాడు. తొంభై తొమ్మిదిలో తిరుపతిలో గేమ్స్ సెంటరు పెట్టినప్పుడు కొన్న మొదటి మిషను ఎట్లుండెనో అట్లే కావాలన్నాడు, స్క్రూతో సహా. అడిగినోళ్లకు చెప్పేది ఒకటే, "ఇప్పుడు ఇదొక మోజప్పా, పాతకాలం ఆటల మిషన్లు, బెంగళూరులో ఎగబడి కట్టుకుంటా ఉండారు." అబద్ధం కాదు, ఫోన్లో నాకూ చూపించినాడు, తలనెరిసినోళ్లు పాత డబ్బాలు ముందర పెట్టుకోని కార్ల పందెం ఆడతా చిన్నపిల్లోళ్ల మాదిరి నవ్వుతా ఉండారు. అన్న మాత్రం వాళ్ల నవ్వు చూడలేదు, వాళ్ల డబ్బాలు చూసినాడు. మద్రాసులో కంప్యూటరు సామాన్లమ్మే రిచీ స్ట్రీటుకు ఎన్ని తూర్లు పోయినాడో. చిత్తూరులో మూతబడిన టైపు సెంటరు అటక మీద నుంచి గాజుబుడ్డి మానిటరు దించుకొచ్చినాడు, ఎద్దు తలకాయంత ఉంటాది, బరువూ అంతే. రేణిగుంట రోడ్డులో పాత ఇనుము అంగటికి నన్నూ పిలుచుకోని పోయినాడు ఒక దినం. బోర్డులు కుప్ప పోసుండారు. అన్న మోకాళ్ల మీద కూర్చోని ఒక్కోదాన్నే ఎత్తి వెలుతురుకు పెట్టి చూస్తా ఉంటే అంగడాయన రాజారత్నం బీడీ కాలుస్తా చూసి చూసి, "ఏమన్నా, ఎముకలేరతా ఉండావా? యాడ కలుపుతావు, కాశీలోనా, పాపనాశనంలోనా?" అన్నాడు. నేను నవ్వినాను. అన్న నవ్వలేదు. "పోనీ, దీని మనమణ్ని ఇస్తా తీసుకో, అరచేతంత ఉంటాడు, దీనికన్నా వెయ్యింతలు ఉరుకుతాడు." "కొత్తది వొద్దు." "అబ్బా, కొత్తది వొద్దనే మొగోణ్ని నా జన్మలో చూడలా! మీ ఇంట్లో ఆయమ్మకు చెప్పు, అదృష్టవంతురాలు." అప్పుడూ అన్న నవ్వలేదు, కుప్పలో నుంచి ఒక బోర్డు లాగి, దుమ్ము ఊది, దాని అంచున అచ్చుగుద్దిన ఇంగ్లీషు అక్షరాలు పెదాలు కదిలిస్తా చదువుకొని, బిడ్డను ఎత్తుకొన్నట్టు చంకలో పెట్టుకొన్నాడు.

ఆ దినాల్లో నాకు అనుమానం లేదు. చూసేదానికి బాగుండె కూడా. మెమొరీ ముక్కల బంగారు అంచును పిల్లకాయలు వాడే రబ్బరుతో రుద్దతా ఉంటే నల్లగా మురికి రాలి మెరుపు పైకొస్తాది. ప్రాసెసరు ఇప్పటి వాటి మాదిరి బిళ్ల కాదు, పాటల క్యాసెట్టు మాదిరి నిట్టనిలువునా గుచ్చాల, గుచ్చినప్పుడు టక్కని ఒక శబ్దం, ఆ శబ్దం వినేదానికి అన్న కండ్లు మూసుకొనేవాడు. డబ్బా పసుప్పచ్చగా మాగిపోయుంటే, బ్యూటీ పార్లరులో తలవెంట్రుకలకు పూసే తెల్లమందు తెచ్చి, డబ్బాకు పూసి, ప్లాస్టిక్ కవరు చుట్టి మిద్దె మీద ఎండలో పెట్టినాడు. వదిన బట్టలారేసే పనిలో పైకొచ్చి, "ముసలిదానికి పెండ్లికూతురు పూతలు" అనింది. సాయంత్రానికి డబ్బా గంజి రంగుకు తిరిగింది, కొత్తప్పుడు ఏ రంగో అదే రంగు. వదిన దాన్ని చూసి కిందికి దిగిపోయింది. ఆమె మొగం అప్పుడు చూసినాను నేను. ఆ రంగు డబ్బా మీద చెయ్యి పెట్టినప్పుడే వాళ్ల తమ్ముడు పోయినాడు.

దయానంద్. వదినకు ఒక్కడే తమ్ముడు, చదువు అబ్బక అక్కా బావల కాడ ఉండి గేమ్స్ సెంటరు చూసుకొనేవాడు. అప్పట్లో కంప్యూటరంటే సరస్వతి. ఏ కంప్యూటరు గదికి పోయినా చెప్పులు బయట విడవాల్సిందే, అన్న అంగట్లో కూడా, పొద్దున్నే నేల తడిగుడ్డతో తుడిచి, ఊదొత్తి వెలిగించి, మిషనుకు బొట్టు పెట్టినాకే షట్టరు ఎత్తేది. ఆడుకొనేదానికి వచ్చినోళ్లు కాళ్లు కూడా కడుక్కోని వచ్చేవాళ్లు, కొళాయి పక్కనే పెట్టించినాడు అన్న. తడికాళ్లతో తడినేల మీద, చెప్పుల్లేకుండా. ముట్టుకొంటే డబ్బా సన్నగా జుమ్మనేది, చీమలు పాకినట్టు. అందరికీ తెలుసు. "అమ్మవారు పలకతా ఉండాది" అని దయానంద్ ఎగతాళి చేసేవాడు, షాకు కొట్టినట్టు కండ్లు పైకేసి గిలగిలా కొట్టుకోని అందర్నీ బెదిరించేవాడు, వాళ్లు కేకలేస్తే తానే ముందు నవ్వేవాడు. ఆ పొద్దు వాన. ఆట మధ్యలో తెర నిలిచిపోయింది, ఎవురో పిలిచినారు, వీడు పోయి వాన జల్లు కొడతా ఉందని ఒక చేత్తో కిటికీ కమ్మీ పట్టుకోని రెక్క మూయబోతా, ఇంకో చెయ్యి డబ్బా వెనకాల పెట్టినాడు. కండ్లు పైకి పోయినాయి, చేతులు కొట్టుకొన్నాయి. గదిలో ఉన్నోళ్లంతా నవ్వినారంట. నవ్వుతానే ఉండారంట, వాడు పడిందాకా. పడినాక కూడా కొంచేపు.

ఆస్పత్రిలో గుండె అన్నారు. బజారులో కరెంటన్నారు. కోసి చూస్తే తెలిసేది, వదిన వాళ్లమ్మ శవం మీద పడి కోయనీలేదు, నా బిడ్డను తునకలు చేయనీను అని. కాబట్టి ఎవురికీ తెలీలేదు. గుండే అయితే విధి. కరెంటయితే మా అన్న. అన్న అంగడి మూసేసి ఆ నెలలోనే మిషన్లు తూకానికి వేసేసినాడు, తర్వాత సెల్‌ఫోన్ల రిపేరీ పెట్టుకోని బాగానే బతికినాడు, వదినతో బాగానే ఉన్నాడు. ఆమె ఒక్కనాడూ ఆ మాట అడగలేదు. తిట్టుంటే తిరిగి ఏదో ఒకటి అనుండేవాడు. అడగని మాటకు ఎవురు మాత్రం ఏం జవాబు చెప్తారు.

కరెంటు డబ్బా దగ్గర నాకు అర్థమైంది, అన్న దీన్ని ఆడుకొనేదానికి కట్టడం లేదని. మిషను లోపల కరెంటు పంచే ఇనప డబ్బా ఒకటుంటాది, అన్నకు మంచివి నాలుగైదు దొరికినాయి, అన్నీ పక్కన పడేసినాడు. వినాయక చవితికి నేను వచ్చినప్పుడు ఒకటి విప్పి చూపించినాడు, లోపల చిన్న చిన్న డబ్బీలు, వాటిల్లో ఒకటి తల ఉబ్బుండాది, అంచున జిగురు కారి ఎండిపోయుండాది. "ఇది ఉబ్బింది గదన్నా, మార్చరాదా?" అంటి. "అప్పుడూ ఉబ్బే ఉండె" అన్నాడు. చెప్పి, స్క్రూలు బిగించుకుంటా పోయినాడు. నేను అడగలేదు, అప్పుడు నీకెట్ల తెలుసు, విప్పి చూసింటివా, చూసి మూసేసింటివా అని. ఇంకో తూరి వచ్చినప్పుడు గోడ మీద మూడు చిల్లుల ప్లగ్గు విప్పి, పచ్చ తీగను కటింగు ప్లేయరుతో కత్తిరిస్తా ఉండాడు, అది భూమికి పోయే తీగ, అదుంటే షాకు కొట్టదు. దాని తర్వాత టేబుల్ కిటికీ దగ్గరికి జరిగింది. ఇనప కమ్మీల కిటికీ. "అన్నా, కరెంటో కాదో తెలుసుకోవాలంటే టెస్టరు పెట్టి చూడు, మిషనుంది, లైటుంది, నీకు తెలియనిదేముంది" అంటి. అన్న నా పక్క చూసినాడు, మంచిగానే చూసినాడు, తప్పు లెక్క చేసిన బిడ్డను చూసినట్టు. "టెస్టరుకు గుండెకాయ ఉందేమిరా?"

అంతే. అదొక్కటే మాట. మిషను అంతా విజయదశమికే అయిపోయింది, అయినా వేయలేదు. ఆయుధపూజకు బొట్టన్నా పెడదామని వదిన అంటే, "కానీలే, ఇంకొక్కటి తక్కువుంది" అన్నాడంట. ఏం తక్కువ అని నేను ఊర్లో చేను కాడ నిలబడి ఆలోచించినాను. సౌండు కార్డు ఉంది, తిరిగే గుండు మౌసు ఉంది, పాత సీడీలు కూడా దొరికినాయి. తక్కువుండింది వాన. దానికోసమే ఆగినాడు.

పడింది. మొదటి చినుకులు రేకు మీద లెక్కపెట్టేటట్టుగా, తర్వాత లెక్క తప్పి. వరండా చూరు నుంచి దారం మాదిరి, తర్వాత తాడు మాదిరి. వీధిలో ఒకాయన స్కూటీ తోసుకుంటా పరిగెత్తినాడు. వెలుతురు తగ్గి తగ్గి, వరండా గోడ రంగు ఏదో తెలియకుండా పోయింది. ఎప్పుడు పడితే అప్పుడు పోయే కరెంటు, ఒక ఉరుముకే పోయే కరెంటు, ఈ పొద్దు పోలేదు. మీటరులో ఎర్రబొట్టు మిటుకు మిటుకుమంటానే ఉండాది. నా తలకు పైన ఫ్యూజు పింగాణీది, తెల్లగా, లాగితే ఊడొచ్చేది. లాగొచ్చు. లాగితే నేనే లాగినానని తెలుస్తాది, రేపు నేను పుత్తూరులో దిగేసరికి మళ్లీ బిగించుకుంటాడు, అప్పుడు పక్కన ఎవురుంటారు. లాగకపోతే. మా ఊర్లో బోరు మోటారు డబ్బా వానాకాలంలో ఇట్లే జుమ్మంటాది, ఎవురూ దాన్ని అరచేత్తో ముట్టరు, చేతి వెనకపక్క తగిలించి చూస్తారు, కరెంటుంటే చెయ్యి ముడుచుకోని దానంతట అదే వెనక్కి వచ్చేస్తాది. అరచెయ్యి పెడితే ముడుచుకోని పట్టేసుకుంటాది, ఇంక వదలదు. ఇద్దరికీ నాయనే నేర్పినాడు. అన్న ఏ చెయ్యి పెడతాడో నాకు అడగాల్సిన పని లేదు.

కమ్మీల సందు నుంచి చూస్తే అన్న నేల తుడుస్తా ఉండాడు. బకెట్లో గుడ్డ ముంచి, పిండకుండా, మూలలు కూడా వదలకుండా. యాబై దాటిన మనిషి వంగి తుడుస్తా ఉంటే వీపెముకలు చొక్కా కింద వరసగా కనపడతా ఉండాయి. ఏదో ఒకటి మాట్లాడాల అనుకొన్నాను. అన్నీ గొంతు కాడికి వచ్చి చిన్నవైపోయినాయి.

"అన్నా, చెప్పులేసుకో."

తలెత్తినాడు. "కంప్యూటర్ రూములో చెప్పులేందిరా, కండ్లు పోతాయి" అన్నాడు. అది దయానంద్ ఎప్పుడూ అనే మాట, అదే గొంతుతో అన్నాడు. 

"వదిన ఏమైపోతాది?"

"ఇన్నేండ్లుగా ఏమైందో అదే అవుతాది." గుడ్డ బకెట్లో వేసినాడు. "ఏమీ కాకపోతే, కొంచేపుండి బిర్యాని తెప్పిస్తా లే. పో, కూర్చో."

గోడ గడియారం చూడలేదు నేను, చూడాల్సిన పని లేదు, వంటింట్లో గరిట శబ్దం ఆగిందంటే ఒకటిన్నర అయినట్టే. వదిన సంగటి గెలికేది అయిపోయి, ముద్దలు చేస్తా ఉన్నట్టుంది, నీళ్లల్లో చెయ్యి ముంచే చప్పుడు, మళ్లీ ముంచే చప్పుడు. అన్న నిలబడినాడు. స్విచ్చి వేసినాడు. లోపల గాలిపంకా ముందు దగ్గినట్టయి తర్వాత బుస్సున లేచింది, ఎన్నేండ్ల దుమ్మో కాలిన వాసన కిటికీ దాకా వచ్చింది, మానిటరు టంగుమని మోగి గాజు లోపల నీలంగా తెల్లారింది. అక్షరాలు ఒక్కోటే కిందికి దిగినాయి. తర్వాత కార్ల ఆట, దాని పాట, ఆ గరగర గొంతు పాట, పాతికేండ్ల కిందట బజారంతా వినపడే పాట. ఒక్క క్షణం నాకు ఆ గది నిండా పిల్లకాయలున్నట్టు, విడిచిన చెప్పులన్నీ నా కాళ్ల కాడే ఉన్నట్టు అనిపించింది. అన్న తడినేల మీద కాళ్లు ఎడంగా పెట్టి నిలబడినాడు. ఎడమ చెయ్యి కిటికీ కమ్మీ పట్టుకొనింది. ఆ చెయ్యి నా మొగానికి బెత్తెడు దూరంలో ఉండాది, గోర్ల కింద దుమ్ము కనపడతా ఉండాది. నేను లేచి ఫ్యూజు మీద చెయ్యి వేసినాను. వేసినాను గానీ లాగలేదు. ఆ వేళ్లనే చూస్తా నిలబడినాను.

అప్పుడు వదిన గదిలోకి వచ్చింది. పరిగెత్తలేదు. ఉప్పు డబ్బా కోసం వచ్చినట్టు వచ్చింది. కుడిచెయ్యి మణికట్టు దాకా తడి, వేళ్లకు సంగటి అంటుకోనుండాది. కాళ్లకు ఏమీ లేవు.

"వాని అక్కను నేనుండాను" అనింది. "ముందర చెయ్యి పెట్టేదానికి మీరెవురు?"

డబ్బా పక్కకు చాపిన అన్న కుడిచెయ్యి గాలిలో ఉన్నట్టే ఉండిపోయింది. ఆమె అన్న ముందుకు పోయి, ఎడమ చేత్తో కమ్మీ పట్టుకోని, తడిచెయ్యి, అరచెయ్యి, డబ్బా వెనకాల నిండుగా పెట్టింది. పెట్టి, అదిమింది. నాకు ఆమె మొగం కనపడలేదు, మెడ కనపడింది, జుట్టుముడి కింద నెరిసిన వెంట్రుకలు. అవి కదిలినాయా, గాలికి కదిలినాయా. ఆమె భుజం ఒక్క తూరి పైకి లేచింది, ఊపిరి పీల్చిందో, ఇంకేమో. నేను లాగేసినాను. పింగాణీ ముక్క నా చేతిలోకి ఊడొచ్చింది. పాట మధ్యలో తెగింది, తెర మీద కారు చుక్కయి చచ్చింది, పంకా తిరిగి తిరిగి నెమ్మదిగా నిలిచింది. వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. నేను లాగింది ఆమె చెయ్యి పడినాకనే. ఎంతసేపటికి అంటే చెప్పలేను. ఒక ఊపిరి. ఒకటిన్నర ఊపిరి. తెలుసుకొనేదానికి అది చాలు.

చెయ్యి తీసింది. అరచేతిని తిప్పి చూసుకోలేదు, కొంగుకు తుడుచుకొనింది. అన్న మొగం సున్నం కొట్టినట్టుంది. నోరు తెరిచినాడు, "వరదా" అన్నాడు. అడగాల్సింది ఒకటే. ఇన్నేండ్లు ఎవురి దగ్గరా దొరకని జవాబు ఇప్పుడు ఆ తడిచేతిలో ఉండాది, అడిగితే చెప్తాది, ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. అన్న ఆమె కండ్లలోకి చూసినాడు. ఆమె కూడా చూసింది, అడుగు అన్నట్టే చూసింది. నేను ఫ్యూజు పట్టుకోని కమ్మీల బయట నిలబడినాను. అన్న చూపు దించేసినాడు.

"సంగటి ఆరిపోతా ఉంది" అనింది వదిన. "రాండి. మునిచంద్రా, ఆ నీళ్లల్లో నడవకుండా ఇట్ల తిరిగి రా."

ఎప్పుడూ మాకు పెట్టి తర్వాత తినే మనిషి, ఈ పొద్దు మూడు కంచాలు పెట్టింది. నడవలో, వాకిలి వెలుతురులో కూర్చొన్నాము. ముగ్గురికీ ముద్దలేసింది, గుంట చేసి అనపగింజల పులుసు పోసింది, నెయ్యి వేసింది. పొగ లేస్తా ఉండాది. పులుసు పోసేటప్పుడు నేను ఆ చెయ్యి చూసినాను, అన్న కూడా చూసినాడు, చూడనట్టు. మామూలుగానే ఉండాది. గరిట అంచు కంచానికి తగిలి సన్నగా ఒక చప్పుడయింది, అంతకన్నా ఏమీ లేదు, ఎవురు పోసినా తగిలేదే గదా. అన్న ముద్ద మీద, వేసేటప్పుడు గట్టిగా పట్టేసుకొన్నట్టు, ఆమె వేళ్ల గుర్తులు నాలుగు లోతుగా పడుండాయి. చాలాసేపు వాటి పక్కే చూసినాడు. తర్వాత ఆ పక్క నుంచే తుంచి, పులుసులో అద్ది, నమలకుండా మింగినాడు. వదిన తినింది. నేనూ తిన్నాను. బయట వాన ఎక్కువవుతానే ఉండె.